మూడు మూటలు ఒకటి చేసిన లెక్కల టీచరుగారు

మా రేపల్లె లెక్కల టీచరుగారు పోయారు. పొద్దున కాఫీ తాగుతుండగా ఆవిడ చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యగారూ, అక్క వెళ్ళిపోయిందండి. నిద్రలోనే పోయింది, బాధేమీ పడలేదు. రేపు మధ్యాహ్నం చర్చిలో కార్యక్రమం" అని చెప్పింది. ఆ ఫోను పెట్టి కుర్చీలో కూర్చున్నానో లేదో మళ్ళీ మోగింది. ఈసారి మా తెనాలి ప్రెస్సుల సంఘం అధ్యక్షుడు.

"ఇప్పుడే విన్నానండి. పాపం, చాలా మంచావిడ. అన్నట్టు, ఇక ఆ సాఫ్ట్‌వేరు సంగతి ఏంటండి? ఆవిడతోనే పోయినట్టేగా?"

ఆయన గొంతులో విచారం కన్నా ఆశ ఎక్కువగా వినిపించింది. "రేపు రేపల్లె రండి, చూద్దురుగాని" అని పెట్టేశాను.

ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అచ్చు పని, డీటీపీ పని చేసుకునేవాళ్ళలో కొందరు దీన్ని గుసగుసగా, కొందరు బాహాటంగా కొన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళే కదా ఇది, ఆ తర్వాత మళ్ళీ ఎవరి ముక్క వాళ్ళదే కదా అని. మనిషి పోయిన ఇంట్లో పాత గొడవలు ఎత్తకూడదని మర్యాదస్తులు అంటారు. ఆ మర్యాదస్తులు ఆవిడ బతికుండగా ఏమేం మాట్లాడారో నాకు బాగా గుర్తుంది. కాబట్టి నేను ఎత్తుతాను.

తెలియని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు అక్షరాలను పేజీలుగా కూర్చాలి. కుర్రతనంలో నేను ఆ పని సీసపు అక్షరాలతో చేశాను. తర్వాత కంప్యూటరు వచ్చింది. కూర్పు పని చేసే సాఫ్ట్‌వేరుల్లో కొన్ని కొనుక్కోవాలి. కొన్ని ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని నలుగురికీ పంచవచ్చు. అలాంటి ఒకదాన్ని మేము తెలుగుకు సర్దుకున్నాం. అసలు ప్రోగ్రాము, దానికి కావలసిన ఫాంట్లు, లైను ఎక్కడ విరగాలో చెప్పే నియమాలు, పుస్తకానికో శుభలేఖకో పనికొచ్చే నమూనాలు, అన్నీ కలిపి ఒకచోట కట్టి ఇస్తే దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. టీచరుగారు దాన్ని మూట అనేవారు. అందరికీ ఆ మాటే అలవాటైంది.

చిక్కల్లా మూటలు మూడు కావడంతో వచ్చింది. తెనాలిలో నా అచ్చాపీసు నుంచి నేనొకటి కట్టాను, పుస్తకాల కోసం. బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరరు ఒకటి కట్టాడు, థీసిస్‌లకీ ప్రశ్నపత్రాలకీ. రేపల్లె బడిలో లెక్కలు చెప్పే టీచరుగారు ఒకటి కట్టారు, బడి పరీక్షలకీ చర్చి కీర్తనలకీ. మూడింటిలోనూ చాలా భాగం ఒకటే సరుకు. లెక్చరరు నా మూటలోంచి తీసుకున్నాడు. ఆయన్ని అడిగితే నేనే ఆయన మూటలోంచి తీసుకున్నానంటాడు. అననివ్వండి. టీచరుగారు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకున్నానని తన మూట తెరవగానే కనపడేలా రాసిపెట్టారు. ఆ పని మేమిద్దరం చెయ్యలేదు, చెయ్యాలని మాకు తోచనూ లేదు.

ఒకే పేరున్న ఫైలు మూడు మూటల్లో మూడు రకాలుగా ఉండేది. ఎవరైనా రెండు మూటలు ఒకే కంప్యూటర్లో ఎక్కించుకుంటే ఏది ముందుకొస్తుందో దేవుడికే తెలియాలి. వేటపాలెంలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకావిడ ప్యాకెట్ల మీద అంటించే లేబుళ్ళు నా మూటతో వేసుకునేది. ఆవిడ కూతురు చదువు కోసం అదే కంప్యూటర్లో బాపట్ల మూట కూడా ఎక్కించింది. 'అట్ట' అనే ఫైలు రెండింటిలోనూ ఉంది. నా మూటలో అది అట్ట మీద వేసే పూల చట్రం. లెక్చరరు మూటలో అది ప్రశ్నపత్రం పైభాగం. ఆవిడ చూసుకోకుండా లేబుళ్ళు వేయించి సరుకు పంపేసింది. చీరాల షాపుల్లో జీడిపప్పు ప్యాకెట్ల మీద "హాల్ టికెట్ నంబరు" అనీ, దాని కింద "అన్ని ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము" అనీ ఉంది.

ఆవిడ నాకు ఫోను చేసింది. "ఏంటి బాబాయిగారూ ఇది? షాపు వాళ్ళు, 'పప్పు తినాలంటే పరీక్ష రాయాలా అమ్మా' అని ఏడిపిస్తున్నారు నన్ను!"

నేను బాపట్ల వాళ్ళని అడగమన్నాను. బాపట్ల లెక్చరరు తెనాలి వాళ్ళని అడగమన్నాడు. ఆవిడ మా ఇద్దరినీ నాలుగు తిట్టి రేపల్లె ఫోను చేసింది. టీచరుగారు ఆవిడ లేబుళ్ళు సరిచేసి ఇచ్చి, ఆ వారంలోనే మా ఇద్దరికీ కబురు పెట్టారు. మూడు మూటలూ విప్పి ఒకటిగా కడదాం, రండి అని.

ఎక్కడ కూర్చోవాలన్నది మొదటి గొడవ. బాపట్ల వెళ్ళడానికి నేను ఒప్పుకోలేదు. తెనాలి రావడానికి లెక్చరరు ఒప్పుకోలేదు. రేపల్లె వెళ్తే ఆవిడ బడిలో పిల్లల్లా బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుందని ఇద్దరికీ అనుమానం.

"అయితే ఎవరి ఊరూ కాని చోట కూర్చుందామండి. రేపల్లె ప్యాసింజర్లో" అన్నారావిడ.

హాస్యానికి అన్నారనుకున్నాను. కాదు. శనివారాలు ఆవిడ రేపల్లెలో బండెక్కి తెనాలి వచ్చేవారు. లెక్చరరు బాపట్ల నుంచి వచ్చి, తెనాలి స్టేషను గేటు దాటకుండా, ఆ ప్లాట్‌ఫారం మీంచి ఈ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఎక్కేవాడు. తెనాలి వచ్చినట్టు కాకూడదు కదా మరి. నేనూ ఎక్కేవాణ్ణి. బండి రేపల్లె చేరేదాకా కూర్చుని పని. అక్కడ ఆవిడ దిగి ఇంటికి వెళ్ళిపోయేవారు. తిరిగి వచ్చేటప్పుడు మేమిద్దరమే మిగిలేవాళ్ళం కాబట్టి చెరో కిటికీ చూసుకుని నోరు విప్పేవాళ్ళం కాదు.

మొదటి శనివారం బండి కదలగానే నేను నా ఫైళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"కాదండి అన్నయ్యగారూ. మీ ఫైలు గురించి మీరు మాట్లాడకూడదు. తమ్ముడి ఫైలు గురించి చెప్పండి. అందులో ఉంచుకోవలసింది ఏంటి?"

"ఏదన్నా ఉంటేగా!"

"వెతకండి, ఉంటది. తమ్ముడూ, నువ్వు అన్నయ్యగారి ఫైలు తియ్యి. అందులో మంచేంటో నువ్వు చెప్పాలి."

"ఈయన ఫైలు తెరిస్తే తుమ్ములొస్తున్నాయండి మేడమ్, అంత దుమ్ము" అన్నాడు లెక్చరరు.

"తుమ్ముకుంటూనే చదువు నాన్నా."

ఇది ఆవిడ బడిలో పద్ధతి. పరీక్ష కాగితాలు పిల్లల చేతే ఒకరివి ఒకరికి మార్పించి దిద్దించేవారట. అయితే ఎర్ర గీత పెట్టే ముందు, పక్కవాడి లెక్కలో సరిగ్గా చేసిన మెట్టు ఒకటి వెతికి క్లాసులో పైకి చదవాలి. అది దొరికేదాకా తప్పు పట్టడానికి వీల్లేదు. "తప్పు పట్టడానికి బడికి రావక్కర్లేదండి, అది పుట్టుకతోనే వస్తది" అనేవారు. అదే నియమాన్ని తెచ్చి మా ఇద్దరి నెత్తిన పెట్టారు. ఆవిడ ఫైళ్ళ వంతు వచ్చినప్పుడు ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు, మేము మాట్లాడేవాళ్ళం. ఆవిడ ఫైళ్ళలో మంచి వెతకడానికి మాకేమీ కష్టం ఉండేది కాదు. ఒకరి ఫైలులో ఒకరు వెతకడమే ప్రాణం మీదికి వచ్చేది.

ఆవిడ సంచిలో ఎప్పుడూ చేగోడీల డబ్బా ఉండేది. ఒక ఫైలు సంగతి పూర్తిగా తేలేదాకా మూత తీసేవారు కాదు. వేమూరు దాటేసరికి ఆకలి మొదలయ్యేది. లెక్చరరు నాకన్నా చిన్నవాడు, ఆకలికి ఆగలేడు. ఎన్నో ఫైళ్ళలో ఆయన చటుక్కున నా వైపు మొగ్గింది నా గొప్ప చూసి కాదు, చేగోడీల వాసనకని నాకు తెలుసు. ఫలితం వచ్చింది కాబట్టి ఊరుకున్నాను.

ఒక ఫైలు తీసెయ్యాలని తేలితే ఆవిడ దాన్ని తుడిచెయ్యడం అనేవారు కాదు. "దీనికి సెలవిద్దాం" అనేవారు. ఎవరు రాశారో, ఇన్నాళ్ళు ఏం పని చేసిందో, ఎందుకు వెళ్తోందో ఒక్క వాక్యంలో మూటలోనే రాసేవారు. పక్కన కూర్చున్న రైసు మిల్లు గుమస్తా ఒకాయన ఓసారి వంగి చూసి, "ఏంటమ్మా, రిటైరైన వాళ్ళ సన్మాన పత్రాలా?" అని అడిగాడు. "అలాంటివేనండి. పనిచేసి వెళ్ళేవాళ్ళని పలకరించకుండా పంపకూడదు కదండి" అన్నారు టీచరుగారు.

ఇక్కడ మా అధ్యక్షుడి ప్రస్తావన తేవాలి. ఆ రోజుల్లో ఆయన హైదరాబాదు కంపెనీ ఒకదాని సాఫ్ట్‌వేరుకు ఏజెంటు. తెనాలిలో సంఘం మీటింగులో లేచి నిలబడి, "ముగ్గురు కలిసి రైల్లో టికెట్టు కొనుక్కుని సాఫ్ట్‌వేరు చేస్తున్నారంట. టీసీ వస్తే అప్‌డేట్ అయిపోద్ది కాబోలు" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్విన వాళ్ళ ముఖాలు నాకు వరసగా గుర్తున్నాయి. ఆ హాల్లో పెద్ద చదువులు చదివిన వాళ్ళున్నారు, ఓపెన్ సోర్స్ గురించి పత్రికల్లో వ్యాసాలు రాసిన ఒక మేధావి ఉన్నాడు. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. తెలుగు గురించి బాధపడే వ్యాసాలు రాసేవాళ్ళు తెలుగుకు పనికొచ్చే ఒక ఫాంటు తప్పు దిద్దిన పాపాన పోరు. ఈ సంగతి నేను టీచరుగారికి చెప్తే, "టీసీ మాట బాగుందండి, నవ్వొచ్చింది" అని ఆవిడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడే కీర్తనల పుస్తకం వచ్చి పడింది.

రేపల్లె చర్చిలో పాడుకునే కీర్తనల పుస్తకం పాత ప్రతులు చిరిగిపోయాయి. కొత్తగా వెయ్యాలి. పాతది టీచరుగారి పాత మూటతో కూర్చినదే. కొత్తది కొత్త మూటతో కూరుస్తామన్నాం. పాస్టరుగారు ఒకటే షరతు పెట్టారు. ఏ పేజీలో ఏ చరణం ఎక్కడుందో అది అక్కడే ఉండాలి. కారణం ఉంది. హార్మోనియం వాయించే పెద్దాయనకు చూపు బాగా మందగించింది. ఆయన అక్షరాలు చదవడు, పేజీలో చోటు చూస్తాడు. కుడివైపు పైమూల రెండో చరణం, కింద పల్లవి, అలా ఆయనకు జ్ఞాపకం. చరణం నాలుగు వేళ్ళు కిందికి జరిగితే ఆయన చెయ్యి ఆగిపోతుంది. ఆయన ఆగితే చర్చి ఆగుతుంది. "కుదరకపోతే చెప్పండి, తెనాలి అధ్యక్షుడుగారి కంపెనీ వాళ్ళు వేసిస్తామంటున్నారు" అని కూడా అన్నారు పాస్టరుగారు. అది జరిగితే మా కొత్త మూటను ఇంకెవరూ ముట్టుకోరు. మళ్ళీ తెనాలి తెనాలే, బాపట్ల బాపట్లే. టీచరుగారికి తన కష్టం పోతుందన్న బెంగ లేదు. మమ్మల్నిద్దరినీ మళ్ళీ ఒక బండి ఎక్కించడం ఎవరి తరమూ కాదని ఆవిడకు తెలుసు, ఆవిడ బెంగ అదే.

నా అచ్చాపీసులో ప్రూఫు తీశాను. అక్షరాల కింద ఉండాల్సిన వత్తులు జారిపోయి కింది లైను నెత్తిన కూర్చున్నాయి. అవి తగలకుండా ప్రోగ్రాము లైన్ల మధ్య ఎడం పెంచేసింది. ఎడం పెరిగి చరణాలు ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి కారిపోయాయి. ఆ ప్రూఫు పట్టుకుని బండెక్కాను. ఆ శనివారం లెక్చరరు కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"నేను ముందే అనుకున్నాను మాస్టారూ. మీ తెనాలి ఫాంట్లు కలపగానే ఇది జరుగుద్దని."

"మీ బాపట్ల ప్రోగ్రాము తగలకముందు నా ఫాంట్లు ముప్పై ఊళ్ళలో పుస్తకాలు అచ్చేశాయి, లెక్చరరుగారూ."

"అందుకేనా ఆ పుస్తకాలు ఎవరూ చదవట్లేదు?"

ఎదురు బల్ల మీది వాళ్ళు పల్లీలు నమలడం ఆపి మా వైపు తిరిగారు. టీచరుగారు గొంతు పెంచలేదు.

"అన్నయ్యగారూ, వత్తు విషయంలో తమ్ముడు ఏం చేశాడో మీరు చెప్పండి."

"ఇప్పుడు కూడా ఆ ఆటేనా అమ్మా?"

"ఇప్పుడేనండి కావలసింది."

పళ్ళు బిగబట్టి చెప్పాను. "మొదట్లో వత్తులు మరీ పైకి ఉండి అక్షరానికి తగిలేవి. అందుకని వత్తును కొంచెం కిందికి పెట్టమని ప్రోగ్రాముకు చెప్పాడు. ఆలోచన మంచిదే, ఆయన స్థాయికి."

"తమ్ముడూ, అన్నయ్యగారు ఏం చేశారు?"

"వత్తు పైకి ఉండి తగులుతోందని, ఫాంటులోనే దాన్ని కొంచెం కిందికి..."

ఆయన మాట అక్కడ ఆగింది. నేను ఆయన ముఖం వంక చూశాను, ఆయన నా ముఖం వంక చూశాడు. టీచరుగారు సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచారు.

ఒక జబ్బుకు ఇద్దరు డాక్టర్లు చెరో మందు రాశారు. ఎవరి మూటలో వాళ్ళ మందు ఒక్కటే ఉన్నంతకాలం రోగికి బాగానే ఉంది. మూటలు కలపగానే రోగి రెండు మందులూ మింగాడు. ఎవరి మందు గొప్ప వాళ్ళం చెప్పుకుంటూ పోతే మాకు ఇది ఈ జన్మకు తెలిసేది కాదు. ఎదుటివాడి మందు ఏమిటో నోటితో చెప్పాల్సి వచ్చింది కాబట్టి తెలిసింది.

రెండింటిలో ఒకదానికి సెలవివ్వాలి. నియమం ప్రకారం లెక్చరరు నా దిద్దుబాటు ఉంచాలని వాదించాడు, నేను ఆయనది ఉంచాలని వాదించాను. జీవితంలో నేను చేసిన వాదనల్లో అంత బాగా ఎప్పుడూ వాదించలేదనుకుంటాను, గెలిచాను. పోయింది నాదే. నాదే మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం. టీచరుగారు దాని పక్కన రాసిన వీడ్కోలు వాక్యం మూటలో ఉంది, కావలసినవాళ్ళు చూసుకోవచ్చు.

తర్వాతి శనివారం కొత్త ప్రూఫు తెచ్చాను. భట్టిప్రోలులో బండి ఆగింది. టీచరుగారు పాత పుస్తకంలోంచి ఊడిన పేజీ ఒకటి తీసి, దాని మీద కొత్త పేజీ పెట్టి, రెండూ కలిపి కిటికీకి ఎత్తి పట్టుకున్నారు. ఎండ రెండు కాగితాల్లోంచీ వచ్చింది. పల్లవి మీద పల్లవి, చరణం మీద చరణం, కొమ్ము మీద కొమ్ము. రెండు కాగితాలని చెప్తే తప్ప తెలియదు. ఆవిడ అలా పట్టుకునే ఉన్నారు, బండి కదిలి ఎండ పక్కకు తిరిగేదాకా. లెక్చరరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా కళ్ళద్దాలు తుడవాల్సిన అవసరం లేదు కాబట్టి తుడవలేదు.

ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళాను. పెద్దాయన ముందు కొత్త పుస్తకం పెట్టారు. ఆయన కొత్త కాగితం వాసన చూసి, అనుమానంగా పేజీ మీద వేలు పెట్టి, "ఆఁ, ఉంది" అన్నాడు. వాయించాడు. ఆ రోజు ఆ ఊరు పాడిన పాట లాంటిది నేను మళ్ళీ వినలేదు. తరువాతి నెలల్లో బళ్ళు, చర్చిలు, డీటీపీ సెంటర్లు, చివరికి వేటపాలెం ఆవిడ కూడా కొత్త మూటకే వచ్చారు. రైల్లో చేసిన సాఫ్ట్‌వేరు!

ఇక కలిపేశాం, చేతులు దులుపుకుందాం అని నేనూ లెక్చరరూ అనుకున్నాం. టీచరుగారు అనుకోలేదు. "పెళ్ళి ఒక్క పూటండి అన్నయ్యగారూ. కాపురం చెయ్యొద్దూ?" అన్నారు. ప్రోగ్రాములు మారుతుంటాయి, కొత్త కంప్యూటర్లు వస్తుంటాయి, ఎక్కడో ఎవరికో ఏదో విరుగుతుంది. ప్రతి ఏడాదీ మూట కొత్తగా కట్టాలి. కట్టే పని ఏటా ఊరు మారాలని పెట్టారు. ఒక ఏడు తెనాలి, ఒక ఏడు బాపట్ల, ఒక ఏడు రేపల్లె. ఏ ఊరు కడితే ఆ ఊరి ఫైళ్ళను మిగతా రెండు ఊళ్ళు చూడాలి. లెక్చరరు దగ్గర చదువుకున్నవాళ్ళు, తెనాలి డీటీపీ అమ్మాయిలు, రేపల్లె బడి టీచర్లు ఒక్కొక్కరే చేరారు.

మొదటిసారి బాపట్ల వంతు వచ్చింది. మూట బయటపెట్టే రోజున ఏదో అడ్డం తిరిగింది. లెక్చరరు టీచరుగారికి ఫోను చేశాడు. నేను చేశాను. ఫోను ఇంట్లో మోగుతోంది, ఆవిడ లేరు. పెనుమూడిలో చెల్లెలింటికి వెళ్ళి కూర్చున్నారు. సాయంత్రం దాకా చూసి, వేరే దారి లేక, లెక్చరరు నాకు ఫోను చేశాడు. రైలు బయట ఆయనా నేనూ మాట్లాడుకోవడం అదే మొదలు. తిట్టుకుంటూనే సరిచేశాం. మూట బయటికి వెళ్ళింది.

మర్నాడు నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "ఇదేంటమ్మా, ఇంత పని పెట్టుకుని చేపల పులుసు తినడానికి వెళ్తారా?"

"పులుసు బాగుందండి. మూట వెళ్ళిందిగా?"

"వెళ్ళింది."

"నేను లేకపోతే ఆగిపోయేదైతే, నేనేం చేసినట్టండి మరి?"

ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఆ రోజుకు ఆవిడ పెనుమూడి వెళ్ళేవారు. ఫోను రేపల్లెలో బీరువా మీద ఉండేది. చెల్లెలు చెప్పింది, అక్కడ కూడా గుమ్మంలో కూర్చుని వంతెన మీద పోయే బస్సుల్ని చూస్తూ, గోళ్ళు కొరుక్కునేవారట. ఆ సంగతి మాకు ఎప్పుడూ తెలియనివ్వలేదు.

అధ్యక్షుడి కంపెనీ కథ కూడా చెప్పి ముగిస్తాను. ఆ సాఫ్ట్‌వేరు నడవాలంటే కంప్యూటరుకు పెన్‌డ్రైవ్ లాంటి ఒక చిన్న తాళం గుచ్చాలి. ఒకరోజు కంపెనీ మూతపడింది. కొన్నాళ్ళకు ఆ తాళాలు పనిచెయ్యడం మానేశాయి. ఆయన ప్రెస్సులో ఏళ్ళ తరబడి కూర్చిన పుస్తకాలన్నీ లోపల ఉండిపోయాయి. అప్పుడు ఆయన మనిషొకడు చాటుగా వచ్చి మా మూట ఎలా ఎక్కించుకోవాలని అడిగాడు. ఆయనే వచ్చి సంఘం మీటింగులో నిలబడి అడిగితే చెప్తానన్నాను. టీచరుగారికి ఎలా తెలిసిందో, ఫోను చేశారు.

"అన్నయ్యగారూ, ఆయన అడగాల్సిన పనేంటండి? ఎవరైనా తీసుకోవచ్చు అని మనమే రాశాంగా."

"ఆయన అన్న మాటలు మర్చిపోయారా?"

"గుర్తున్నాయండి. కానీ అడిగించుకుని ఇస్తే మనం కూడా తాళం వేసినట్టేగా."

ఇచ్చాను. అప్పటి నుంచి ఆయన ప్రెస్సులో మా మూటే నడుస్తోంది. ఆయన మాత్రం మరో కంపెనీకి ఏజెంటు అయ్యాడు. ఆ కంపెనీది ఊరందరికీ అమ్ముతాడు, తన ఇంట్లో మాది వాడతాడు. "ఆవిడతోనే పోయినట్టేగా?" అని అడిగింది ఈయనే.

నేను చాలా పుస్తకాలు చదివాను, చదివినవాటికన్నా ఎక్కువ కూర్చాను. వాటిలో గొప్పవాళ్ళంతా ఒంటరిగా కూర్చుని ఏదో ఒకటి సృష్టించినవాళ్ళే. ఉన్నవాటిని విప్పి, తుడిచి, కలిపి, విడిపోకుండా చూసుకున్నవాళ్ళ గురించి పుస్తకం రాయాలని ఎవరికీ తోచినట్టు లేదు. రాసేవాళ్ళకు ఆ పని ఎంత కష్టమో తెలియకపోవడమే కారణమని నా అనుమానం.

కార్యక్రమానికి ఆరాధన క్రమం అచ్చువెయ్యాలి. అంటే ఏ బైబిలు వాక్యం తర్వాత ఏ కీర్తన, ఎవరి ప్రార్థన, అన్నీ ఉన్న మడత కాగితం. ముందు ఆవిడ ఫొటో. ఆవిడ పోయిన రోజు సాయంత్రానికే, ఇప్పుడు ఆ బడిలో లెక్కలు చెప్తున్న అమ్మాయి రేపల్లెలో కూర్చుని దాన్ని కూర్చింది. బాపట్లలో లెక్చరరు తన కంప్యూటర్లో తెరిచి ప్రూఫు చూసి, ఒక చరణంలో ఒక మాట తప్పిపోయిందని పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నేను తెనాలిలో అచ్చువేశాను. మూడు ఊళ్ళు, మూడు రకాల కంప్యూటర్లు. ఒక్క లైను కదల్లేదు. ఒక్క వత్తు జారలేదు. ఫోన్లలో మేము మాట్లాడుకున్నది ఆవిడ గురించి, పువ్వుల గురించి, ఎవరు ఏ బండికి వస్తారన్న దాని గురించి. మూట గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆవిణ్ణి అడగడానికి ఇక వీల్లేని మొదటి రోజు అది. అడగాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. ఈ సంగతి నాకు కాగితాలు కట్టలు కడుతుండగా తట్టింది. ఏడ్చాననుకుంటారేమో. కాదు, గెలిచాం.

తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను, లెక్చరరూ ఎక్కాడు. నా చేతిలోంచి ఒక కట్ట తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

చర్చి నిండిపోయింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు గోడల వెంట కూడా నిలబడ్డారు. తలుపు దగ్గర అమ్మాయిలు అందరికీ మడత కాగితం ఇచ్చారు. అధ్యక్షుడు కూడా ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కింద చిన్నక్షరాల్లో మూడు ఊళ్ళ పేర్లూ చదివి, నా వంక చూడకుండా మడిచాడు. వాక్యం అయింది, ప్రార్థన అయింది. నాలుగు మాటలు మాట్లాడతానని ఆయన మైకు దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, ఆయన ఆగలేదు. గొంతు పెంచి, "మన టీచరుగారు" అని మొదలుపెట్టి, ఈ మహత్కార్యానికి తాను మొదటి నుంచీ వెన్నుదన్నుగా ఉన్నాననీ, రైలు రోజుల నుంచీ ప్రోత్సహించాననీ చెప్పుకుపోతున్నాడు. వేడికి ఆగలేక ఒక్కొక్కరే చేతిలోని కాగితంతో విసురుకోవడం మొదలుపెట్టారు. ముందు వరసలో ముసలమ్మలు, వెనక బడి పిల్లలు, గోడల వెంట పెద్దవాళ్ళు. కాసేపట్లో చర్చి అంతా కాగితాలు. ప్రతి కాగితం మీదా ఆవిడ ముఖం. ఆయన చెప్పే ఒక్కొక్క వాక్యానికీ అన్ని వరసల్లోంచీ అన్ని ముఖాలూ కుడికీ ఎడమకీ, కుడికీ ఎడమకీ, నెమ్మదిగా తల తిప్పుతూనే ఉన్నాయి.